1988 జాతీయ అటవీ విధానం - మెట్టసీమ నుండి ఒక విమర్శ

దేశ భూభాగంలో కనీసం మూడవ వంతు అడవిగానో చెట్ల నీడగానో ఉండవలెనని 1988 నాటి జాతీయ అటవీ విధానం నిర్దేశించినది. రాతిగుట్టలు, తుమ్మపొదలు, వేరుశనగ చేలు చూచి పెరిగిన ఉరవకొండ విద్యార్థికి ఈ అంకె వింతగా తోచును. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే పడే అనంతపురం జిల్లాలో అడవి అంటే ఏమిటి?

ముందుగా విధానానికి దక్కవలసిన మెప్పును ఇవ్వవలెను. 1952 నాటి విధానం అడవి పక్కనున్న పల్లె అవసరాలకన్న దేశ అవసరాలనే మిన్నగా ఎంచినది. ప్రకృతి సమతౌల్యమే ముఖ్యమనీ, ఆదాయం దాని తరువాతిదేననీ 1988 విధానం చెప్పినది. పరిశ్రమలకు అడవి సరుకును చౌకగా ఇచ్చే పద్ధతి ఆగవలెనన్నది. ఇది చిన్న మార్పు కాదు.

చిక్కు కొలతలో ఉన్నది. ఉరవకొండకు దక్షిణాన కల్యాణదుర్గం వైపు గుట్టలపై నారయేపి అనే చెట్టు పెరుగును. దాని బెరడు నుండి తాళ్ళకు పనికివచ్చే నార తీయుదురు. ఆ చెట్టు పేరులోనే నార ఉన్నది. ఆకు పశువుల మేత. కలప మన దేశంలోని మిక్కిలి గట్టి కలపలలో ఒకటి. నీటిలో వేసిన మునుగును. మొలక మొదటి ఏండ్లలో పైకి పెద్దగా పెరగదు, బలమంతా లోతుకు దిగే తల్లివేరుకే పోవును. ఆ కాలంలో మేకల నోటబడిన మొక్క ఏండ్ల తరబడి గిడసబారి ఉండును. కొమ్మలు ఎప్పుడు, ఎంతవరకు కొట్టవచ్చునో ఊరివారు కట్టుబాటు చేసికొని నిలుపుకొంటేనే అది చెట్టగును.

భారత అటవీ సర్వేక్షణ సంస్థ లెక్క వేరు. ఒక హెక్టారు నేలపై పది శాతం నీడ ఉంటే అడవి. అంతకు తగ్గితే పొదభూమి. జాతి ఏదో, నేల ఎవరిదో లెక్కకు రాదు. కాబట్టి నీలగిరి తోట అడవి అగును, తొమ్మిది శాతం నీడగల నారయేపి గుట్ట కాదు! కట్టుబాటును ఉపగ్రహం చూడజాలదు.

రైతులు తమ భూమిలో చెట్లు పెంచునట్లు భూచట్టాలు సవరించవలెనని విధానం ఒకచోట చెప్పి, సొంత భూమిలోని చెట్లను కొట్టుటకు కూడ నియమాలుండవలెనన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం చెట్టు కొట్టుటకు అనుమతి కోరుచున్నది. దొంగనరుకుడు ఆపుటకు ఇది అవసరమే. కాని వేరుశనగ ఎండిన ఏడు అమ్ముకొనుటకు వీలుకాదేమోనని జంకే రైతు, ముప్పది నలుబది ఏండ్లకు గాని చేవదేరని మొక్కను గట్టున ఎందుకు ఉండనిచ్చును? పెంచమను మాటకు, కొట్టవద్దను మాటకు నడుమ సులభమైన దారి చూపుట విధానకర్తలు మరచిరి.

1992 నుండి ఏర్పడిన వన సంరక్షణ సమితులు కాపలా పనిని పల్లెకు అప్పగించినవి. కాపలా కాచినవానికి నిర్ణయంలో ఎంత భాగమన్నది అప్పటినుండి నలుగుచున్న ప్రశ్న.

కలప దిగుమతిని సడలించవలెననుట విధానంలో అన్నిటికన్న బలహీనమైన మాట. దీనివలన ఇచ్చటి గొడ్డలి కొంత ఆగినది గాని, బర్మా, మలేషియా అడవులలో ఆగలేదు. ఉష్ణమండలపు కలప అమ్మే దేశాలు, కొనే దేశాలు కలిసి కూర్చొని మాట్లాడుటకు యొకొహామాలో 1986లోనే ఒక అంతర్జాతీయ సంస్థ ఏర్పడినది. అయినను వచ్చే దుంగ ఏ అడవిదో, ఎవరి అనుమతితో నరికినదో అడగవలెనని మన విధానం చెప్పలేదు. బర్మా 2014 ఏప్రిల్ 1 నుండి దుంగల ఎగుమతిని నిషేధించగా వ్యాపారులు ఇతర దేశాలవైపు తిరిగిరి. "మలేషియా సాలు" పేరుతో వచ్చే కలపతో ద్వారబంధం చేయు వడ్రంగికి దాని పొడవు, ధర తెలియును. అది పుట్టిన అడవి తెలియదు.