పదకొండు నెలల ఇల్లు

మా వీధి మొదట్లో ఉన్న జిరాక్స్ షాపు కుర్రాడి కంప్యూటర్లో అద్దె అగ్రిమెంటు ఒకే ఒక్కటి ఉంటుంది. పేర్లు, ఇంటి నంబరు, అద్దె మార్చి ప్రింటు తీసిస్తాడు. నూరు రూపాయల స్టాంపు పేపరు కూడా అతనే తెప్పిస్తాడు. నా కాపీలో ఒకచోట అంతకుముందు అద్దెకున్నాయన పేరు అలాగే ఉండిపోయింది. కుక్కను పెంచనని మాటిచ్చింది ఆయనే తప్ప నేను కాదన్నమాట. ఎవరి పేరు మారినా ఆ కాగితంలో మారనిది ఒకటుంది, గడువు పదకొండు నెలలు.

పదకొండే ఎందుకని అడిగితే హైదరాబాద్ ఓనర్లందరిదీ ఒకటే జవాబు: "ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ గొడవండీ." దేశంలో చాలాచోట్ల ఆ మాట నిజమే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం, 17వ సెక్షన్, ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించి తీరాలంటుంది. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో ఆ సెక్షన్‌ని తన మటుకు సవరించుకుంది. ఏడాది అనే గీత చెరిపేసి స్థిరాస్తి లీజులన్నిటినీ ఆ జాబితాలో చేర్చింది. అంటే కాగితం మీద రాసుకున్నాక పదకొండు నెలలకైనా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కాల్సిందే. ఏ నిబంధన నుంచి తప్పించుకుంటున్నామని అనుకుంటున్నామో అది పాతికేళ్ళ కిందటే మనల్ని పట్టేసుకుంది. మనం మాత్రం ఇంకా పదకొండు దగ్గరే దాక్కుంటున్నాం. నోటరీ గారి ఎర్ర ముద్ర ఉందిగా అంటారు కొందరు. అది ఎంత పెద్దదైనా రిజిస్ట్రేషన్ కాదు.

మరి ఆ కాగితం దేనికి? ఆఫీసులో హెచ్ఆర్ఏ చూపించుకోవడానికి, గ్యాస్ కనెక్షన్ అడ్రసుకి. గొడవ కోర్టుకెక్కితే అందులోని షరతులను రుజువు చేసుకోవడానికి అది దాదాపు పనికిరాదు. ఈ ఇంట్లో మనం అద్దెకుంటున్నామని చూపడం లాంటి పక్క విషయాలకు మాత్రం కోర్టు దాన్ని చూస్తుంది.

ఈ పదకొండుకీ మన బతుకులకీ అసలు పొసగదు. పిల్లల బడి కోసం జూన్ ఒకటిన ఇంట్లో దిగామనుకోండి. మొదటి గడువు ఏప్రిల్ ఆఖరుకి తీరుతుంది, బాగానే ఉంది. రెండోది మార్చి ఆఖరుకి, అంటే పది, ఇంటర్ పరీక్షల మధ్యలో. మూడోది ఫిబ్రవరికి జరుగుతుంది. అలా వెనక్కి వెనక్కి జరుగుతూ ఏదో ఒక ఏడు ఆషాఢంలోకి వస్తుంది. ఆషాఢంలో ఇల్లు మారేవాళ్ళెవరు? మంచిరోజు చూసి ముందే పాలు పొంగించి, సామాను శ్రావణంలో తెచ్చుకుంటామంటే కొత్త ఓనర్లు కూడా సరేనంటారు. ఆ ఖాళీ రోజులకు అద్దె ఎవరు కట్టాలన్నది మాత్రం ఏ అగ్రిమెంటులోనూ ఉండదు.

నిజానికి పదకొండో నెల నిండిన రోజున ఏమీ జరగదు. ఓనరు ఫోన్ చేసి ఐదు శాతమో పది శాతమో పెంచుతున్నామంటారు. కొందరికి అదీ గుర్తుండదు. వాళ్ళు అద్దె తీసుకుంటూ ఉంటారు, మనం ఇస్తూ ఉంటాం. ఇలాంటి పరిస్థితికి 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో జవాబుంది. గడువు తీరాక కూడా ఓనరు అద్దె పుచ్చుకుంటే ఆ ఇల్లు నెలనెలా సాగే లీజు కిందకి వస్తుంది. వేరే ఒప్పందమేదీ లేకపోతే, దాన్ని ముగించడానికి ఇరువైపులా పదిహేను రోజుల నోటీసు చాలు. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో ఉంటూ, ఇంటి ముందు కరివేపాకు చెట్టు నాటుకున్న కుటుంబాలు కూడా చట్టం దృష్టిలో పదిహేను రోజుల అతిథులే.

గడువులోపలైనా ధీమా ఉందా అంటే అదీ లేదు. గడువు రాసుకున్న లీజు మామూలుగా ఆ గడువు దాకా ఇద్దరినీ కట్టిపడేస్తుంది. మధ్యలో తెంచుకునే వీలు కావాలంటే ఆ మాట అందులోనే రాసుకోవాలి. మనవాళ్ళు తప్పకుండా రాసుకుంటారు. ఎవరైనా ఒక నెల ముందు చెప్పి ఖాళీ చేయవచ్చు, చేయించవచ్చు అని చివరి పేజీలో ఒక వాక్యం ఉంటుంది. మొదటి పేజీలో పెద్దక్షరాలతో ఉన్న పదకొండు నెలలను ఈ ఒక్క వాక్యం మింగేస్తుంది. అందుకే ఎవరైనా అగ్రిమెంటు చూపిస్తే నేను ముందు చివరి పేజీ తిప్పుతాను. ఆ ఇంటి అసలు గడువు అక్కడుంటుంది, ముప్ఫై రోజులు.

ఓనర్ల భయం నాకు తెలియనిది కాదు. పన్నెండేళ్ళుంటే ఇల్లు అద్దెకున్నవాళ్ళదైపోతుందట అన్న మాట ఇప్పటికీ గట్టిగా చలామణీలో ఉంది. అద్దె కడుతూ ఉన్నవాడు ఓనరు అనుమతితోనే ఉన్నట్టు. ఎన్నేళ్ళున్నా ఆ అద్దెతో యాజమాన్యం రాదు. మహారాష్ట్రలో ఈ భయానికి వేరే మందు వేశారు. అక్కడ 'లీవ్ అండ్ లైసెన్స్' అని రాసుకుంటారు. 1999 నాటి అద్దె చట్టం ప్రకారం దాన్ని రిజిస్టరు చేయించే పూచీ ఓనరుదే. పుణేలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు రిజిస్టరైన కాగితాన్ని మామూలు విషయంలా చూపిస్తుంటే నాకు కాస్త అసూయగానే ఉంటుంది. 2021లో కేంద్రం నమూనా అద్దె చట్టం ఒకటి తయారుచేసింది. ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించరాదనీ, గడువు తీరినా కదలకపోతే మొదటి రెండు నెలలకు రెట్టింపు, ఆపైన నాలుగింతలు కట్టాలనీ అందులో ఉంది. అయితే అది నమూనా. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే దానికి ప్రాణం.

ఇక పెయింటింగ్. అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె ఆ పేరున కోసుకోవడం మన ఊళ్ళో ఆచారం. ఆరు నెలలున్నా అంతే, ఆరేళ్ళున్నా అంతే. ఇందాకటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్‌లో అద్దెకున్నవాడు ఇంటిని తీసుకున్నట్టే అప్పగించాలని ఉంది, వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలను మినహాయించి. గోడ వెలిసిపోవడం అరుగుదల కాక మరేమిటి? కాకపోతే ఒప్పందంలో వేరేగా రాసుకుంటే ఆ రాతదే పైచేయి. జిరాక్స్ షాపు నమూనాలో వేరేగానే రాసి ఉంటుంది.

కిందటిసారి సంతకానికి ముందు మా ఓనరమ్మ గారి దగ్గర రెండు మార్పులు అడిగాను. ఖాళీ చేయమంటే నాకు మూడు నెలల టైమివ్వాలని ఒకటి, పెయింటింగ్ కోత తీసేయాలని ఇంకొకటి. "మూడు నెలలంటే ఎలా బాబూ, మావాడు అమెరికా నుంచి వచ్చేస్తే?" అన్నారావిడ. ఆ అబ్బాయి వచ్చే సూచనలేవీ కనపడలేదు గానీ తల్లితో ఆ మాట అనలేం కదా. రెండు నెలలకు దిగాం. పెయింటింగ్ విషయంలో మాత్రం ససేమిరా అన్నారు. చివరికి రెండేళ్ళు దాటి ఉంటే సగమే పట్టుకునేలా రాసుకున్నాం.