కొండ మీద ఎవరు, లోయలో ఎవరు?

ఫైటు బాగుందా లేదా అని తేల్చే ముందు అడగాల్సిన మాట ఒకటుంది. ఎవరు ఎక్కడున్నారో తెలుస్తోందా? తుపాకీ పేల్చినవాడు ఏ బండ చాటున ఉన్నాడు, గుండు తగిలినవాడు ఏ మలుపులో ఉన్నాడు, ఇద్దరి మధ్య దూరమెంత? ఇది తెలిస్తే చూసేవాడి గుండె దడదడలాడుతుంది. తెలియకపోతే మిగిలేది చప్పుడే. థియేటర్లో కళ్లకు కట్టినట్టున్న ఫైటు ఇంట్లో టీవీ మీద గందరగోళంగా కనపడొచ్చు. తప్పు ఫైట్ మాస్టరుది కాదు, దర్శకుడిదీ కాదు. ఫిల్మును క్యాసెట్టులోకో డిస్కులోకో ఎక్కించేటప్పుడు జరిగిన నష్టమది. అందుకే యాక్షన్ సినిమాల ఇంటి వీడియోని సమీక్షించేవాడు ఒకే వ్యాసంలో రెండు సమీక్షలు రాయాలి. ఒకటి సినిమాది, రెండోది ఆ సినిమా మన ఇంటిదాకా వచ్చిన తీరుది. మన సినిమా పత్రికలు మొదటిదాంట్లో ఆరితేరాయి. రెండోదాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

ఆ రెండో విద్య నేర్చుకోవడానికి తెలుగులో ‘అల్లూరి సీతారామరాజు’ను మించిన పాఠం లేదని నా అభిప్రాయం. 1974 మే 1న విడుదలైన ఈ సినిమా కృష్ణకు నూరోది, తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. షూటింగ్ చాలావరకు చింతపల్లి ప్రాంతంలో జరిగింది. దర్శకుడు వి. రామచంద్రరావు మధ్యలోనే కన్నుమూస్తే మిగతా భాగాన్ని కృష్ణ పూర్తి చేశారు. పోరాట ఘట్టాలను కె.ఎస్.ఆర్. దాస్ తీశారు. కెమెరా వి.ఎస్.ఆర్. స్వామిది. కొత్త లెన్సులతో, మన్యం కొండల్లో, అంత వెడల్పు తెర కోసం తీయడం ఆడంబరం కోసమే అనుకుంటే పొరపాటు. ఆ కథకి ఆ వెడల్పు కావాలి.

ఎందుకో చరిత్రే చెబుతుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్‌తో మొదలుపెట్టి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి సీతారామరాజు దళం తుపాకులు ఎత్తుకెళ్లింది. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో మాటువేసింది. ముందు నడుస్తున్న మన సిపాయిలను పోనిచ్చి, వెనక వస్తున్న తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కొట్టింది. ఇక్కడ వీరత్వం ఎంతో లెక్క కూడా అంతే. వరుసలో ఎవరు ముందు, ఎవరు వెనక, పై నుంచి ఎవరికి ఎవరు కనపడతారు అన్నదే ఆ యుద్ధం. ఇలాంటి దెబ్బను తెరకెక్కించాలంటే దారి పొడవునా నడిచే మనుషులూ, దారిపైన వాలూ, వాలు మీద పొంచినవాళ్లూ ఒకే చట్రంలో పట్టాలి. సినిమాస్కోప్ అందుకు అచ్చంగా సరిపోయే సాధనం.

ఇప్పుడు దాన్ని పాత టీవీలోకి కుక్కండి. సినిమాస్కోప్ తెర ఎత్తు ఒకటైతే వెడల్పు 2.35. డబ్బా టీవీలో వెడల్పు 1.33. పైనా కిందా నల్ల పట్టీలు వదలకుండా తెర నింపాలంటే బొమ్మలో నూటికి 43 వంతులు కోసెయ్యాలి. కొండ మీదివాడు పోతాడు, లేదంటే లోయలోవాడు పోతాడు. కోసే మనిషి కాస్త శ్రద్ధ ఉన్నవాడైతే చట్రాన్ని అటూ ఇటూ జరుపుతూ ముఖ్యమైనదాన్ని పట్టుకుంటాడు. అప్పుడు స్వామి కెమెరా కదలని చోట కూడా కదిలినట్టు కనపడుతుంది. శ్రద్ధ లేనివాడు నడిమి ముక్క ఉంచి రెండు పక్కలా కత్తిరిస్తాడు. ఈ సమస్య డబ్బా టీవీతోనే పోయిందనుకోకండి. నేటి టీవీ వెడల్పు 1.78. దాన్ని నిండుగా నింపాలన్న ముచ్చటతో కోస్తే ఇప్పటికీ పావు వంతు బొమ్మ గల్లంతవుతుంది. నల్ల పట్టీలు చూసి డబ్బులు నష్టపోయామనుకునే ప్రేక్షకుడికి, పట్టీలుంటేనే బొమ్మ మొత్తం దక్కిందని చెప్పడం సమీక్షకుడి తొలి బాధ్యత.

కోత పడిందని పట్టుకోవడం ఎలా? టైటిల్స్ చూడాలి. సినిమాస్కోప్ లెన్సు బొమ్మను అడ్డంగా నొక్కి ఫిల్ము మీద పడేస్తుంది, ప్రొజెక్టర్ లెన్సు దాన్ని మళ్లీ సాగదీస్తుంది. టైటిల్స్‌లో పేర్లు తెగిపోకూడదని చాలా క్యాసెట్లలో ఆ నొక్కిన బొమ్మనే చూపించి, పేర్లు అయిపోగానే కోతకు దిగేవారు. టైటిల్స్‌లో అందరూ సన్నగా, తాటిచెట్లంత పొడుగ్గా ఉండి, కథ మొదలవగానే ఒళ్లు చేశారంటే జరిగిందదే. బండి చక్రం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా ఉందా అని చూడటం ఇంకో గుర్తు. మాట్లాడుకునే ఇద్దరిలో ఒకరి ముక్కు మాత్రమే చట్రంలో మిగిలితే ఇక పరీక్షలు అక్కర్లేదు.

తూర్పు కనుమల సినిమాలకు మరో శత్రువు ఉంది: ఆకులు. వినడానికి వింతగా ఉంటుంది కానీ, డిజిటల్ వీడియోకి అడవిని మించిన అగ్నిపరీక్ష లేదు. ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మారనిదాన్ని మళ్లీ నిల్వ చేయకుండా చోటు మిగుల్చుకోవడం మీదే ఈ కుదింపు పద్ధతులు నడుస్తాయి. గాలికి లక్ష ఆకులు కదిలితే మారనిదంటూ ఏముంటుంది? వీసీడీలో బొమ్మ 352 అడ్డం, 288 నిలువు చుక్కలు. సెకనుకు దొరికేది సుమారు 1.15 మెగాబిట్లు. అంత కొంచెంలో, కదిలే కొమ్మల మధ్య పరిగెత్తే మనిషిని పట్టుకోలేక బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతుంది. పొగ, దుమ్ము, వాన కూడా ఇంతే చేస్తాయి. లంబసింగి వైపు మంచులాంటిదైతే మెత్తగా కలిసిపోవాల్సిన తెలుపు మెట్లు మెట్లుగా తేలుతుంది. డ్రాయింగు రూములో తీసిన సినిమా వీసీడీలో ఫరవాలేదనిపించినా, అడవి ఫైటు అదే డిస్కులో కళ్లు నొప్పెట్టేలా ఉండటానికి కారణమిదే. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34కి అమ్మినప్పుడు ఆరు రూపాయల తేడాకి ఏమొస్తుందని అడిగినవాళ్లున్నారు. యాక్షన్ అభిమానికి ఆ ఆరు రూపాయల్లో అడవి మొత్తం వచ్చేది.

రంగు సంగతి వేరు. ఆ కాలపు ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో నీలి-ఆకుపచ్చ ఛాయనిచ్చే రంగు ముందుగా వెలిసిపోతుంది, ఎరుపు నిలుస్తుంది. అలాంటి ప్రింటు నుంచి ఎక్కించిన డిస్కులో మన్యం మన్యంలా ఉండదు. ఎండాకాలపు ఎర్రమట్టి గుట్టలా కనపడుతుంది. సమీక్షకుడు “రంగులు బాగోలేవు” అని తేల్చేస్తే చాలదు. కెమెరామన్ కావాలని వేసిన రంగా, కాలం తినేసిన రంగా, ఎక్కించినవాళ్లు ఎడాపెడా పెంచిన రంగా అన్నది విడమరచాలి. మనిషి చర్మం, తెల్ల చొక్కా, ఆకాశం — ఈ మూడూ చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

రాత్రి సీన్లలో ఇంకా సరదా జరుగుతుంది. అడవిని రాత్రిపూట దీపాలతో వెలిగించడం ఖరీదు కాబట్టి, పగలే ఫిల్టర్లు వేసి, వెలుతురు తగ్గించి రాత్రిగా నమ్మించడం నాటి అలవాటు. వీడియోకి ఎక్కించే మనిషి, బొమ్మ చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తాడు. అంతే, అర్ధరాత్రి మాటు మిట్టమధ్యాహ్నం అయిపోతుంది. పోలీసులు పట్టపగలు కాగడాలు పట్టుకుని తిరుగుతుంటారు. చూసేవాళ్లు నవ్వుతారు, ఆ నవ్వు దర్శకుడి ఖాతాలో పడుతుంది.

వేగం విషయానికి వస్తే మన పాత ఫైట్లకు ఒక చిక్కు ఉంది. కెమెరాను సెకనుకు 24 బొమ్మల కంటే తక్కువ మీద తిప్పి, మామూలుగా ఆడిస్తే దెబ్బలు చకచకా పడ్డట్టు కనపడతాయి. అది ఫైట్ మాస్టర్ల ఎత్తుగడ. కానీ మన దేశపు వీడియో పద్ధతి పాల్‌లో సెకనుకు 25 బొమ్మలు. 24తో తీసిన సినిమాని 25తో ఆడిస్తే మూడు గంటల సినిమా ఏడు నిమిషాల ముందే అయిపోతుంది. నిడివి తగ్గింది కాబట్టి సీన్లు కోశారని గొడవ చేసే ముందు ఈ లెక్క వేసుకోవాలి. మరి ఫైటులోని వేగం మాస్టరుదా, డిస్కుదా? చెవి చెబుతుంది. మాస్టరు పెంచిన వేగం బొమ్మకే అంటుతుంది, పాల్ పెంచింది గొంతుకీ అంటుతుంది. ‘అల్లూరి సీతారామరాజు’లో శ్రీశ్రీకి జాతీయ అవార్డు తెచ్చిన పాటను ఘంటసాల, వి. రామకృష్ణ పాడారు. ఘంటసాల గొంతు తెలిసిన తెలుగువాడికి ఆ శ్రుతి అర మెట్టుకు పైగా పెరిగితే, ఎందుకో చెప్పలేకపోయినా ఏదో తేడా కొడుతుంది. ఫైటు వేగం తేల్చడానికి పాట వినడం మన దగ్గరే సాధ్యమేమో.

ఈ తరం టీవీలు ఇంకో ఉపకారం చేస్తున్నాయి. ఉన్న బొమ్మల మధ్య లేని బొమ్మలు కల్పించి కదలికను నున్నగా చేస్తాయి. దెబ్బలో బరువు పోయి ఫైటు సీరియల్ షూటింగులా తయారవుతుంది. 2018 డిసెంబరులో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ కలిసి ఒక వీడియో చేసి మరీ ఆ సదుపాయాన్ని ఆపెయ్యమని ప్రేక్షకులను బతిమాలారు. సమీక్షకుడు తన టీవీలో దాన్ని ఆపకుండా డిస్కు మీద తీర్పు రాస్తే ఆ తీర్పు చెల్లదు.

శబ్దం దగ్గర నాది కొంచెం పట్టుదల. ఒకే స్పీకరు కోసం మిక్స్ చేసిన పాత సినిమాకి ఐదు స్పీకర్ల కొత్త శబ్దం కుట్టి, అట్ట మీద పెద్దక్షరాలతో రాస్తారు. కొత్తగా అతికించిన తుపాకీ మోతలు డైలాగులను మింగేస్తాయి. త్రిపురనేని మహారథి మాటలు నిలిపిన సినిమాలో అది చిన్న నేరం కాదు. కొత్తది పెట్టుకోనివ్వండి, పాతది కూడా డిస్కులో ఉండాలి. అసలైన స్టీరియో, అట్మోస్ సినిమాల సంగతి వేరు, అక్కడ దెబ్బ ఏ దిక్కు నుంచి వచ్చిందన్నది కథలో భాగమే.

ఇంత సూక్ష్మంగా చూడటం వల్ల ఒరిగేదేమిటని అడిగితే, హైదరాబాద్ అమీర్‌పేటలో ‘మూవీ హౌస్’ అని వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణం నడిపిన కుర్రాడి సంగతి చెప్పాలి. ఆ కుర్రాడు రాంగోపాల్ వర్మ. 1989 అక్టోబరు 5న ‘శివ’ వచ్చాక తెలుగు ఫైటు మళ్లీ పాతలా ఉండలేదు. అమెరికాలో క్వెంటిన్ టరంటినో ‘వీడియో ఆర్కైవ్స్’ అనే దుకాణంలో పనిచేస్తూ చదువుకున్నదీ ఇదే చదువు. థియేటర్లో ఫైటు మన మీదుగా దాటిపోతుంది. క్యాసెట్టులో ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు, ఒక్కో బొమ్మ జరిపి దెబ్బ ఎక్కడ తప్పించారో, డూపు ఎక్కడ దూరాడో, కట్ ఎక్కడ దాచారో చూడొచ్చు. సమీక్షకుడూ అదే పని చేస్తాడు, కాకపోతే తర్వాత కూర్చుని రాస్తాడు.

రాసినందువల్ల కొన్ని పేర్లు బతికాయి కూడా. మన దగ్గర కె.ఎస్.ఆర్. దాస్‌ను మాస్ దర్శకుడని పక్కన పెట్టేసిన రోజుల్లో, టాడ్ స్టాడ్‌మన్ అనే అమెరికన్ రచయిత మసకబారిన డిస్కులు వెతుక్కుని ‘జేమ్స్‌బాండ్ 777’, ‘రాణీ మేరా నామ్’ లాంటి దాస్ సినిమాల మీద ముచ్చటపడి రాశాడు. 2015లో భారతీయ యాక్షన్ సినిమా మీద ‘ఫంకీ బాలీవుడ్’ అనే పుస్తకమే వేశాడు. ఆ సినిమాల నటి విజయలలిత ఫైట్లకు అంత దూరాన అభిమానులు ఏర్పడ్డారంటే కారణం ఇలాంటి రాతలే. ఆయన చూసిన డిస్కులు ఎంత నాసిరకమో ఊహించుకోండి. దాస్ తీసిన ‘మోసగాళ్లకు మోసగాడు’ 2023 మే 31న 4కెలో మళ్లీ థియేటర్లకు వచ్చింది. నెగెటివ్ నుంచి చేశారా, ప్రింటు నుంచి చేశారా, గీతలతో పాటు ఫిల్ము రేణువులనూ తుడిచేశారా — 4కె అన్న మాట వినపడగానే ఈ మూడు ప్రశ్నలు వెయ్యాలి. అంకె పెద్దదైతే బొమ్మ మంచిదన్న భ్రమ టీవీ దుకాణాలు పుట్టించినదే.

డిస్కు పోయి ఓటీటీ వచ్చాక సమీక్షకుడి పని తగ్గలేదు, పేచీ మారింది. 2022లో ‘ఆర్‌ఆర్‌ఆర్’ని ప్రపంచం ఎక్కువగా చూసింది నెట్‌ఫ్లిక్స్‌లో, హిందీ డబ్బింగులో. తెలుగు మాట అప్పట్లో జీ5లో ఉండేది. రామ్‌చరణ్, ఎన్టీఆర్ హిందీలోనూ సొంత గొంతులే ఇచ్చారు, నిజమే. అయినా పెదవులు ఒక భాష, చెవులు ఒక భాష అయిన ప్రతిని చూసి నటన మీద తీర్పిచ్చినవాళ్లు ఆ ముక్క రాయాలి కదా? ఏ భాష, ఏ ప్రతి, ఎంత నిడివి, ఏ తెర మీద చూశారు అన్నది సమీక్ష తలకట్టులోనే ఉండాలని నేనంటాను.

ఇక ఈ మన్యం కొండలవాళ్ల చూపు సంగతి. అరకు, పాడేరు, చింతపల్లి అన్నీ 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి పేరిటి జిల్లాలోనే ఉన్నాయి. అడవిలో తిరిగే మనిషి ఫైటులో ముందు చెట్టును చూస్తాడు. ‘ఆర్‌ఆర్‌ఆర్’లో భీమ్ పులితో తలపడే అడవిని బల్గేరియాలో తీశారు. బొమ్మ ఆపి చూస్తే అడ్డాకు తీగ ఎరిగిన కంటికి అది మన అడవి కాదని తెలుస్తుంది. ‘పుష్ప’లో శేషాచలం ఎర్రచందనం కథకు మారేడుమిల్లి చెట్లు అడవిగా నిలబడ్డాయి. ఎర్రచందనం అక్కడ సహజంగా పెరగదు. ఇవి తప్పులని కాదు, సినిమా అంటేనే అంత. కానీ గెడ్డ దాటేటప్పుడు మనిషి అడుగు ఎలా పడుతుంది, విల్లు లాగిన చెయ్యి ఎక్కడ ఆగుతుంది, వాలు మీద నుంచి దూకినవాడు నిజంగా దూకాడా, తీగల మీద దిగాడా అన్నది పట్నం సమీక్షకుడి కంటే వీళ్లు త్వరగా చెప్పగలరు. సీతారామరాజు అనుచరులు గంటం దొర, మల్లు దొర లాంటివాళ్లు కథానాయకుడి వెనక ఎంతసేపు నిలబడ్డారు, ముందు ఎంతసేపు నిలబడ్డారు అన్న లెక్క కూడా వీళ్లే అడగగలరు. ఆ లెక్కకి చట్రం అంచుల దాకా కనపడే ప్రతి కావాలి. గుంపులో నిలబడ్డవాళ్లు ఉండేది అంచుల్లోనే, కోత మొదట పడేదీ అక్కడే.