ముప్పావు అంగుళం పైపులో షకుహాచి

తమిళనాడు, కర్ణాటక ఎల్లలో హోసూరు దగ్గర ఉన్న జూజువాడిలో ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఇల్లు లేస్తూనే ఉంటుంది. నీళ్ల పైపులు వేసినవాళ్లు కోసి వదిలేసిన తుంటలు గోడ పక్కన పడి ఉంటాయి. మూరకు మించిన తుంట ఒకటి దొరికితే చాలు, జపాను వాళ్ల వేణువైన షకుహాచి చేసుకోవచ్చు. మన పిల్లలకు శ్రుతిజ్ఞానం అబ్బడానికి ఇంత చవకైన దారి మరొకటి లేదని నా గట్టి నమ్మకం.

అసలు షకుహాచిని వేళ్ల దగ్గరి దుబ్బతో సహా తవ్వి తీసిన వెదురుతో చేస్తారు. మన వేణువులా అడ్డంగా కాక సన్నాయిలా నిలువుగా పట్టి ఊదుతారు. ఎడో కాలంలో ఫుకే శాఖ బౌద్ధ సన్యాసులు ముఖమంతా కప్పే బుట్టటోపీలు పెట్టుకుని, దీన్ని ధ్యానంగా భావించి ఊదుతూ తిరిగేవారు. 1871లో మెయిజీ ప్రభుత్వం ఆ శాఖను రద్దు చేసినా వాద్యం నిలిచింది. 1977లో వోయేజర్ నౌకలతో అంతరిక్షానికి వెళ్లిన బంగారు రికార్డులో గోరో యమగూచి షకుహాచి, మన కేసర్‌బాయి కేర్కర్ గానం రెండూ ఉన్నాయి.

ఇక తయారీ. లోపలి వ్యాసం 20 మి.మీ. దరిదాపుల్లో ఉండే ముప్పావు అంగుళం పీవీసీ పైపు కావాలి. పెదవికి ఆనేది కాబట్టి సీసం లేనిదే ఎంచుకోండి. 54.5 సెం.మీ. పొడవుకు కోస్తే రెండు శ్రుతి పలుకుతుంది. పై అంచులో ఒకచోట, వాలు బయటివైపుకు ఉండేలా ఆకురాయితో అరగదీయాలి. ఆ గంటు సెంటీమీటరు వెడల్పు, మూడు నాలుగు మి.మీ. లోతు ఉంటే చాలు. ఊదిన గాలి చీలేది అక్కడే కనుక దాని అంచు తిన్నగా, పదునుగా రావాలి.

రంధ్రాల కోసం పైపు పొడవును పది వంతులు చేయండి. కింది కొస నుంచి రెండు వంతులు దాటి, 12 సెం.మీ. దగ్గర మొదటిది. అక్కడి నుంచి వంతుకొకటి చొప్పున మరో మూడు. నాలుగోదానికి అర వంతు పైన, వెనకవైపు, బొటనవేలికి ఐదోది. ముందు 7 మి.మీ. డ్రిల్లు వేసి, పక్కన శ్రుతి మోగుతుండగా స్వరం కుదిరేదాకా సన్నటి ఆకురాయితో కొద్దికొద్దిగా పెంచాలి. రంధ్రం పెరిగేకొద్దీ స్వరం పైకి పోతుంది. వెదురుకు చేసినట్టు కాల్చిన చువ్వతో మాత్రం పొడవకూడదు. పీవీసీ కాలితే వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

అన్నీ మూసి ఊదితే షడ్జం. కింది నుంచి ఒక్కొక్కటే తెరుస్తూ పోతే సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం, ఆపైన తారషడ్జం. అంటే మన శుద్ధ ధన్యాసి! మిగతా స్వరాలకు రంధ్రాలు లేవు. గడ్డం దించితే పెదవికీ అంచుకూ మధ్య దూరం తగ్గి స్వరం దిగుతుంది, దీన్ని మేరి అంటారు. ఎత్తితే స్వరం పెరుగుతుంది, అది కరి. రంధ్రాన్ని సగం మూయడమూ దీనికి తోడవుతుంది. మన వేణువులో వేళ్లు పలికించే గమకంలో చాలా భాగాన్ని ఇక్కడ మెడ పలికిస్తుంది. మొదట్లో ఉత్త గాలే వస్తుంది. పెదవుల మధ్య సందు సన్నం చేసి, ఊపిరి అంచుకు తగిలేచోటు దొరికేదాకా ఓపిక పట్టాలి.

ప్లాస్టిక్కులో నాదమేమిటని కొందరు అనుకుంటారు. 1971లో జాన్ కోల్ట్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్త వెండి, రాగి, కర్రలతో ఒకే కొలతల వేణువులు చేయించి వినిపిస్తే, విన్నవాళ్లు తేడా పోల్చలేకపోయారు. నాదాన్ని ప్రధానంగా నిర్ణయించేది లోపలి గాలి, దాన్ని చీల్చే అంచు. పైపుకు ఉన్న లోటు వేరే. వెదురు షకుహాచి లోపలి బోలు కిందికి సన్నబడుతుంది, పైపు బోలు మొదలంటా ఒకే తీరు. అందుకే పై స్థాయిలో శ్రుతి కొంత తప్పుతుంది, దాన్ని గడ్డంతోనే సరిదిద్దుకోవాలి.

హోసూరు ప్రాంతపు బడుల్లో సైన్సు అయ్యవార్లు, సంగీతం తెలిసినవారు కలిసి పిల్లల చేత ఈ పని చేయించాలి. గొట్టం పొడవుకూ స్వరానికీ ఉన్న లంకె వాళ్లకు చేతుల్లోనే తెలుస్తుంది. కొన్న వేణువులో స్వరాలు ఎవరో కుదిర్చిపెట్టినవి. గాంధారం కోసం తానే రంధ్రాన్ని రవ్వంత రవ్వంత అరగదీసిన పిల్లకు ఆ స్వరం చెవిలో స్థిరపడిపోతుంది. రేపు ఆమె వయొలిన్ పట్టినా, పాట నేర్చినా ఆ చెవే దారి చూపుతుంది.