పైపు కంటికి కనబడాలి

ఈ వారం ఒక పాత మేడ ఇంటి ప్లాను చూసి మనసు చివుక్కుమంది. మెట్లు దిగలేని పెద్దావిడ కోసం మేడమీద మరుగుదొడ్డి కట్టాలట. మంచి పనే. మేస్త్రి దాన్ని వీధివైపు గది పక్కన గీశాడు. సెప్టిక్ ట్యాంకేమో పెరట్లో ఉంది. నడుమ 30 అడుగులు.

పైపులో మురుగు దానంతటదే పారాలంటే వాటం, అంటే వాలు, ఉండాలి. 4 అంగుళాల పైపుకి 40కి 1 చొప్పున, అంటే 10 అడుగులకు 3 అంగుళాలు. ఇక్కడ 9 అంగుళాలు దిగాలి. కొత్త ఇంట్లోనైతే స్లాబు పల్లంగా పోసి పైపు అందులో దాస్తారు. ఈ ఇంటికున్నవి టేకు దూలాలు, వాటిమీద ఇటుకా సున్నం. పైపు కోసం దూలానికి గాడి కొడితే మేడ బలమే పోతుంది. గదినే పెరటివైపు జరపమన్నాను, కింది స్నానాలగదికి సరిగ్గా పైన. ఒప్పుకున్నారు.

పేచీ గోడ దగ్గర వచ్చింది. సున్నపు గోడమీద పైపు పాకితే అసహ్యంగా ఉంటుంది, గోడ తొలిచి లోపల పెట్టి పూత పూయిస్తాం అన్నారు. పాత ఇళ్ల అందం గురించి ఇన్నేళ్లుగా రాస్తున్న నాకు ఆ మాట నచ్చింది.

ఆ రాత్రి అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. దొడ్డి చివర పాయిఖానా, దాని వెనకగోడకు సందులోకి తెరుచుకునే చిన్న రేకు తలుపు. తెల్లవారకముందే ఒకామె వచ్చి, ఆ తలుపు తీసి, మలం ఎత్తి, తట్టలో మోసుకుపోయేది. ఆమె ముఖం మేమెవరమూ చూడలేదు. కనబడకుండా వచ్చిపోయేలాగే ఆ ఇల్లు కట్టారు. 1993లో చట్టం ఆ పనిని నిషేధించింది. రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. ఈ పని పోవాలన్న పోరాటానికి ముందు నిలిచిన బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసే పురస్కారం వచ్చింది. అయినా ట్యాంకుల్లో మనుషులు చనిపోతూనే ఉన్నారు.

గోడలో పూడ్చిన పైపు అడ్డుపడితే ఎవరో ఒకరు గోడ పగలగొట్టి అందులో చేతులు పెట్టాలి. కనక పైపు గోడ బయటే, క్లాంపులతో, కళ్లెదుట దిగాలి. కింద మలుపులో 45 డిగ్రీల బెండ్లు రెండు, మూత విప్పుకునే డోరు, ఆపైన ఛాంబరు. పైకొసను కప్పు దాటించి తెరిచి ఉంచాలి. అది లేకపోతే ఫ్లష్ నీళ్లు పడే ఊపుకి గది నేలలో ఉండే నహానీ ట్రాపులో నిలిచిన నీళ్లు లాక్కుపోయి ఇల్లంతా కంపు కొడుతుంది.

పాత ఇంటిమీద మరుగుదొడ్డి కట్టించేవారు మేస్త్రిని ముందు ఒక్కటి అడగండి. పైపు అడ్డుపడితే ఎక్కడ విప్పి, దేనితో తీస్తారు? జవాబు చెప్పలేని ప్లానుకు ఒప్పుకోకండి.