పనితో పాటు పగ్గాలూ

03/04/2024 అని రాస్తే ప్రొద్దుటూరులో అది ఏప్రిల్ 3. న్యూయార్క్‌లో మార్చి 4. రుణ వాయిదాల సాఫ్ట్‌వేర్ రాసే జట్టు ఇక్కడా, దాన్ని వాడే బ్యాంకు అక్కడా ఉంటే ఈ చిన్న తేడా నెల రోజుల వడ్డీగా మారుతుంది. తేదీలో ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆఖరున రోజు రాయాలని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1988లోనే ఐఎస్‌ఓ 8601 పేరుతో తేల్చింది. ఆ సంగతి పని అప్పగించే పత్రంలో లేకపోతే మాత్రం ఎవరి అలవాటు వారిదే. దూరాన ఉన్న జట్టుకు సాఫ్ట్‌వేర్ పని ఒప్పజెప్పడంలో కష్టమంతా ఇలాంటి చోట్లే ఉంది. జీతాల లెక్కలో, ఇంటర్నెట్ వేగంలో ఉన్నది అందులో కొంతే.

గడియారం సంగతీ అంతే. ప్రొద్దుటూరులో ఉదయం 11 గంటలకు ఒక ఇంజినీరుకు సందేహం వచ్చిందంటే, చలికాలమైతే న్యూయార్క్‌లో అప్పుడు అర్ధరాత్రి పన్నెండున్నర. అక్కడ ఆఫీసు తెరిచి తొమ్మిదికి జవాబు రాసేసరికి ఇక్కడ రాత్రి ఏడున్నర అవుతుంది. అంటే ఒక్క అస్పష్టమైన వాక్యం ఒక రోజును మింగేస్తుంది. మార్చి రెండో ఆదివారం అమెరికా గడియారం గంట ముందుకు జరుగుతుంది, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి వస్తుంది. ఆ రెండు వారాల్లో మీటింగ్ వేళలు తారుమారు కాని జట్టు అరుదు. అందుకే ఈ వృత్తిలో ఆరితేరినవారు ప్రశ్న అడిగేటప్పుడే తమ ఊహను కూడా రాసేస్తారు: ‘ఇది ఇలా అని అనుకుని పని సాగిస్తున్నాం, కాదంటే చెప్పండి, ఫలానా చోట మార్చితే సరిపోతుంది.’ జవాబు వచ్చేదాకా పని ఆగదు. ఆ ఒక్క అలవాటు ఉన్న జట్టుకూ లేని జట్టుకూ నెల తిరిగేసరికి కనిపించే తేడా చాలా పెద్దది.

ఈ విద్యను తెలుగువాళ్లు నేర్చుకున్నది నిన్నా మొన్నా కాదు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో కేంద్రం పెట్టి ఉపగ్రహ లింకుతో అమెరికాకు పని పంపడం మొదలుపెట్టింది. రెండేళ్లకు, 1987లో, హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ పుట్టింది. 1991లో దానికి దొరికిన తొలి పెద్ద అమెరికన్ ఖాతాదారు ట్రాక్టర్లు తయారుచేసే జాన్ డీర్. ఆ కంపెనీది ఇల్లినాయ్ రాష్ట్రంలోని మోలీన్. సముద్రాల అవతలి నుంచి తమ సాఫ్ట్‌వేర్ పని ఎలా జరుగుతుందన్న అనుమానం వాళ్లకు సహజంగానే ఉండింది. అప్పుడు సత్యం చేసిన పని ఐటీ రంగంలో ఇప్పటికీ చెప్పుకునేదే. జాన్ డీర్ కార్యాలయానికి దగ్గరలోనే ఒక ఇల్లు తీసుకుని, అందులో తన ఇంజినీర్లను కూర్చోబెట్టి, వాళ్లు హైదరాబాదులో ఉన్నట్టే పనిచేయించి చూపించింది. పక్క వీధిలో ఉన్నా ఎదురుపడి మాట్లాడుకునే వీలు లేదు. చెప్పదలచిందంతా రాతలో, లింకు మీదే పోవాలి. రాత నిలబడితే దూరం ఎంతైనా ఒకటేనని తేలింది. అదే ఏడాది కేంద్రం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థను నెలకొల్పింది. 2009 జనవరి 7న సత్యం ఎలా కూలిందో అందరికీ తెలిసిందే. ఆ ఖాతాల మోసం క్షమించదగ్గది కాదు. మోలీన్ ఇంట్లో ఇంజినీర్లు నేర్చుకున్న పద్ధతి మాత్రం ఆ మోసంతో పోలేదు, ఈ దేశపు సాఫ్ట్‌వేర్ ఎగుమతులకు అది పునాదుల్లో ఒకటి.

నగరం నుంచి పల్లెకు పని పంపే ప్రయత్నాన్ని కూడా సత్యం వర్గమే చేసింది. ఆ సంస్థను స్థాపించిన రాజు కుటుంబం నడిపిన బైర్రాజు ఫౌండేషన్ ‘గ్రామ్‌ఐటీ’ పేరుతో గోదావరి జిల్లాల్లో, ఈతకోట, జల్లికాకినాడ వంటి ఊళ్లలో కేంద్రాలు తెరిచింది. సత్యం ఉద్యోగుల వ్యవహారాల కాగితాల పని అక్కడ పల్లె యువత చేసేది. తల్లి సంస్థ పడిపోగానే ఆ కేంద్రాలకు వెన్నుదన్ను పోయింది. మన రాయలసీమ అంచునే, తెలుగు మాట్లాడే కర్ణాటక పట్టణం బాగేపల్లిలో, 2008లో రూరల్ షోర్స్ అనే గ్రామీణ బీపీవో సంస్థ తొలి కేంద్రం మొదలైంది. పుట్టపర్తిలో సాయిసేవ అనే సంస్థ బ్యాంకు పనులు చేసింది. డిజిటల్ ఇండియా కింద కేంద్రం చిన్న పట్టణాల బీపీవోల కోసం ఒక పథకం తెచ్చింది. 48,300 సీట్లు, రూ. 493 కోట్లు, సీటుకు గరిష్ఠంగా లక్ష రూపాయల సాయం. ఇవన్నీ మంచి ప్రయత్నాలే. వీటి వల్ల చాలా ఇళ్లలో తొలి జీతం వచ్చింది. అయితే ఎక్కువ భాగం ఫారాలు ఎక్కించడం, దరఖాస్తులు సరిచూడడం వంటి పనులే. ఒకే ఖాతాదారు మీద బతికే కేంద్రం ఆ ఖాతాదారు తుమ్మితే మంచం పడుతుంది. అచ్చం ఫారాల పనే చేసే కేంద్రాన్ని రేపో మాపో యంత్రం మింగుతుంది.

2020 మార్చి తర్వాత దారి మారింది. లాక్‌డౌన్ పడగానే బెంగళూరు, హైదరాబాదు హాస్టళ్లు ఖాళీ చేసి వచ్చిన ఇంజినీర్లు ప్రొద్దుటూరు మిద్దెల మీదా, పులివెందుల పెరటి గదుల్లోనూ ల్యాప్‌టాప్‌లు తెరిచారు. అదే ఏడాది నవంబరు 5న టెలికాం శాఖ ఐటీ, బీపీవో సంస్థలకు వర్తించే పాత ఓఎస్‌పీ నిబంధనలను సడలించడంతో ఇంటి నుంచి చేసే పనికి ఉన్న చట్టపరమైన చిక్కులు తగ్గాయి. అంతకు ముందే 2017 డిసెంబరులో రాష్ట్రంలో ఫైబర్‌నెట్ జాతికి అంకితమైంది. పెళ్లయ్యాకో, కాన్పు తర్వాతో ఉద్యోగం మానేసి సొంతూరికి వచ్చిన ఆడపిల్లలకు ఈ మార్పు మళ్లీ తలుపు తీసింది. ఈ కాలమిస్టు దృష్టిలో రిమోట్ పని తెచ్చిన మేలులో ఇదే పెద్దది. ఆఫీసుకు రమ్మని కంపెనీలు మళ్లీ పిలవడం మొదలయ్యాక ముందుగా దెబ్బ తిన్నదీ వీళ్లే.

మనుషులకు కొరత లేదు. పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల 2006 నుంచి ఉంది. 2008లో ఇడుపులపాయ దగ్గర ఆర్కే వ్యాలీ ట్రిపుల్ ఐటీ, ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజినీరింగ్ కళాశాల వచ్చాయి. జమ్మలమడుగు పిల్లలకు ప్రొద్దుటూరు కాలేజీ బస్సు దూరమే. ఈ కళాశాలల నుంచి ఏటా బయటికొచ్చే కుర్రవాళ్లు, అమ్మాయిలు రాత్రి బస్సెక్కి కదిరి మీదుగా బెంగళూరు పోతున్నారు. పసిడి వ్యాపారంతో రెండో ముంబై అని పేరుపడ్డ ప్రొద్దుటూరు ఇంజినీర్లను మాత్రం ఎగుమతి చేస్తూనే ఉంది.

మరి పని వాళ్ల దగ్గరికే వస్తే? ఇక్కడ జమ్మలమడుగు పక్కన మోరగుడిని ఒకసారి తలచుకోవాలి. కూలి నేత అంటే అక్కడ అందరికీ తెలుసు. మాస్టర్ వీవర్ పట్టు, జరీ ఇస్తాడు, డిజైన్ అట్టలు ఇస్తాడు. నేతగాడు ఇంట్లో మగ్గం మీద చీర నేసి ఇచ్చి మజూరి తీసుకుంటాడు. పనితనమంతా నేతగాడిదే. డిజైను, ధర, కొనేవాళ్ల పరిచయం మాత్రం మాస్టర్ వీవర్ దగ్గరే ఉంటాయి. అందుకే చీర ధర పెరిగినంతగా మజూరి పెరగదు. రిమోట్ జట్టుకు టికెట్ల రూపంలో ముక్కలు ముక్కలుగా పని పంపి, ఎందుకో చెప్పకుండా కోడ్ మాత్రమే రాయించుకునే కంపెనీ చేస్తున్నది ఇదే. అలాంటి జట్టు పదేళ్లు పనిచేసినా, ఆ సాఫ్ట్‌వేర్ ఎవరి ఏ అవసరం తీరుస్తుందో చెప్పలేదు. తక్కువ ధరకు ఇంకో ఊరు దొరికిన రోజున ఈ ఊరి పని ఆగిపోతుంది.

దీనికి విరుగుడు ఉంది, పొరుగు రాష్ట్రంలో చేసి చూపించారు కూడా. తమిళనాడులో తెన్‌కాశి దగ్గర మత్తలంపారై అనే పల్లెలో జోహో కంపెనీ జట్టును పెట్టింది. చిల్లర పనులు కాదు, ‘జోహో డెస్క్’ అనే ఉత్పత్తినే వాళ్ల చేతికిచ్చింది. 2016లో అది మార్కెట్‌లోకి వచ్చింది. అదే కంపెనీ 2018లో రేణిగుంటలోనూ కార్యాలయం తెరిచింది. మన కడప నుంచి రేణిగుంట మూడు గంటల ప్రయాణం.

ఒక ఉత్పత్తిని మొత్తంగా ఇవ్వడం వెనుక దయ లేదు, ఇంజినీరింగ్ తర్కం ఉంది. 1968లో మెల్విన్ కాన్వే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక మాట గమనించాడు. ఏ సంస్థ తయారుచేసే వ్యవస్థ అయినా ఆ సంస్థలో మనుషులు ఎవరితో ఎవరు మాట్లాడుకుంటారో ఆ రూపంలోనే తయారవుతుందని. ఒకే మాడ్యూల్‌ను సగం హైదరాబాదులో, సగం పులివెందులలో రాయిస్తే, అతుకు సరిగ్గా ఆ రెండు ఊళ్ల మధ్యే విప్పుకుంటుంది. మాడ్యూల్ మొత్తం ఒకచోట ఉండి, బయటి ప్రపంచంతో అది మాట్లాడే ద్వారం మాత్రం స్పష్టంగా రాసి ఉంటే దూరం పెద్దగా బాధించదు.

రాసి ఉండటం కూడా చాలదని 1999 నేర్పింది. నాసా అంగారకుడి మీదికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ ఆ ఏడాది సెప్టెంబరు 23న పోయింది. నౌకను కట్టిన లాక్‌హీడ్ మార్టిన్ జట్టు కొలరాడోలో, దాన్ని నడిపే నాసా ప్రయోగశాల జేపీఎల్ జట్టు కాలిఫోర్నియాలో ఉన్నాయి. భూమి మీది సాఫ్ట్‌వేర్ ఒకటి థ్రస్టర్ల ప్రభావాన్ని పౌండ్-సెకన్లలో లెక్కగట్టి పంపింది. అందుకున్నవాళ్లు న్యూటన్-సెకన్లుగా తీసుకున్నారు. మెట్రిక్ కొలతలే వాడాలని ఒప్పంద పత్రంలో ఉంది, కానీ రెండు కొసలూ కలిపి పరీక్షించలేదు. దారి తప్పుతోందని కొందరికి అనుమానం వచ్చినా, ఆ అనుమానం సరైన పద్ధతిలో పైకి చేరలేదు. సుమారు 12.5 కోట్ల డాలర్ల నౌక ఆవిరైపోయింది. దూరపు జట్లను నడిపే ప్రతి మేనేజరూ ఏడాదికొకసారి ఆ విచారణ నివేదిక చదవాలి. అందులో ముఖ్యమైనది కొలతల గొడవ కాదు. అవతలి జట్టులోని చిన్న ఇంజినీరు ‘ఇది తేడాగా ఉంది’ అని చెప్పగలిగే వీలుందా, చెప్తే వినేవారున్నారా అన్నదే.

మన పిల్లలకు ఇక్కడే తర్ఫీదు కావాలి. కోడ్ రాయడం వాళ్లకు వచ్చు. కాల్‌లో ‘సార్, ఇది కుదరదు, ఎందుకంటే...’ అనడం రాదు. ఇంగ్లిషు భయం కొంత, పెద్దవాళ్లకు ఎదురుచెప్పకూడదన్న పెంపకం కొంత. ఇంటి దగ్గర అది మర్యాదే. కోడ్ రివ్యూలో మాత్రం మౌనం వల్ల నష్టపోయేది జట్టంతా. కుదరదని చెప్పడమే కాక, చెప్పినదాన్ని నాలుగు వాక్యాల్లో రాసి పెట్టడం, సాయంత్రం పని ఆపేముందు అవతలివాళ్లకు ఎక్కడ ఆగామో నోట్ వదలడం, పరీక్షలు కూడా కోడ్‌తోపాటే పంపడం... ఇవేవీ సిలబస్‌లో లేవు. రిమోట్ ఉద్యోగంలో మొదటి ఏడాదంతా వీటితోనే గడుస్తుంది.

అందుకని ఒక మనవి. పులివెందుల, ప్రొద్దుటూరు, ఆర్కే వ్యాలీ కంప్యూటర్ సైన్స్ విభాగాలు తమ ఆఖరి ఏడాది ప్రాజెక్టుల్లో కొన్నింటినైనా కలిపి చేయించాలి. అవసరాల పత్రం ఒక ప్రాంగణంలో రాయాలి, కోడ్ ఇంకో ప్రాంగణంలో, పరీక్షలు మూడో ప్రాంగణంలో. ఫోన్లు, కలుసుకోవడాలు లేకుండా అంతా రాతలోనే సాగాలి. పాత్రలు మధ్యలో మార్చాలి, ప్రతి జట్టూ ఒకసారి పని ఇచ్చేదిగా, ఒకసారి పుచ్చుకునేదిగా ఉండాలి. మార్కుల్లో సగం ప్రోగ్రాముకు, సగం ఆ రాతకోతలకు వేయాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, మూడు విభాగాల అధిపతులు ఒక మధ్యాహ్నం కూర్చుంటే చాలు. బెంగళూరులో, హైదరాబాదులో జట్లు నడుపుతున్న కడప జిల్లా ఇంజినీర్లు శని, ఆదివారాల్లో వచ్చి ఈ ప్రాజెక్టులకు రివ్యూలు చేయాలి. తమ కంపెనీ నుంచి చిన్నదైనా సరే, ఒక పూర్తి మాడ్యూల్‌ను, దాని మీద నిర్ణయం తీసుకునే హక్కుతో సహా, ఈ ఊళ్లకు పంపించే బాధ్యత కూడా వాళ్లే తలకెత్తుకోవాలి.