తెరమీద పేరు, చేతిలో కూలి

విమర్శకులమైన మనం సినిమాను గురించి రాసేటప్పుడు కథనూ, పాటనూ తూచి ఊరుకుంటాం. వాటిని తయారుచేసినవాడు ఎలా బతికాడని అడగం. ఈ లోపం నాలోనూ ఉండేది. శ్రీశ్రీ 1950లో ‘ఆహుతి’ డబ్బింగు చిత్రానికి పాటలు రాయడాన్ని ఒకప్పుడు కవి పతనమనే తలచాను. కవి ఇంట కూడా పొయ్యి వెలగాలని నాకు తోచలేదు. ఆ పని చేస్తూ వచ్చిన కవికే ‘అల్లూరి సీతారామరాజు’ (1974) పాటకు జాతీయ పురస్కారం లభించింది.

జూబ్లీహిల్స్ మేడలనూ, ఫిలింనగర్ ఆఫీసులనూ చూసి పరిశ్రమంటే అదేననుకోవడం పొరపాటు. దాని శ్రమ కృష్ణానగర్ ఇరుకు గదుల్లో ఉంది. 2025 ఆగస్టులో సినీ కార్మికులు 30 శాతం వేతనం పెంచాలని సమ్మె చేశారు; మూడేళ్లలో విడతలుగా 22.5 శాతానికి రాజీ కుదిరింది. కోరినదంతా రాకపోయినా అది గెలుపే. లైటు మోసేవాడికి రోజుకూలి లెక్క ఉంది, యూనియన్ ఉంది.

మరి సహాయ రచయిత? రాత్రంతా గదిలో కూర్చుని అతడు రాసిన సన్నివేశం ఏ కాల్షీటుకూ ఎక్కదు. అవకాశమే జీతమనుకొమ్మంటారు. ‘అవకాశం’ అనే మాట చాటున సాగే దోపిడీ ఇది. కళ త్యాగం కోరుతుందని బోధించేవారు, ఆ త్యాగం ఎవరిదో చెప్పరు.

నా విద్యార్థులు ఫిలింనగర్‌కు పోతామంటే నేను వద్దనను. ప్రతిభను ఒంటరిగా సాధన చెయ్యండి, కూలిని మాత్రం నలుగురూ కలిసి అడగండి అంటాను. రాతకు రేటు అడగడం చిన్నతనం కాదు. ఇక మన సమీక్షలు కూడా తెరమీద పేరు పడనివారిని గురించి ఒక్క ప్రశ్నైనా వెయ్యాలి.