ఎవరిపై పరీక్ష? ఎవరికి తీర్పు?

కౌమార వయస్కుల మానసిక వ్యాధులకు చికిత్సలను పరీక్షించే పరిశోధనల గురించి మన పత్రికలలో చర్చ అరుదు. అది వైద్యుల వ్యవహారమని వదలివేస్తాం. కాని ఆ పరీక్షలలోకి ఎవరిని తీసుకున్నారు, ఏ భాషలో ప్రశ్నించారు, వచ్చిన ఫలితాన్ని ఎవరికి వర్తింపజేస్తున్నారు అనే ప్రశ్నలు వైద్యానికి మాత్రమే చెందినవి కావు. అవి తర్కానికి, భాషకు, న్యాయానికి కూడా చెందినవి. అందుచేతనే ఒక అనువాదకుడు ఈ విషయంలో తలదూర్చడానికి సాహసిస్తున్నాడు.

మొదట ఒక ప్రసిద్ధ ఉదాహరణ చూద్దాం. కౌమార విషాదవ్యాధిపై అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2004లో వెలువడ్డాయి. 13 కేంద్రాలలో, 12 నుండి 17 ఏండ్ల లోపు 439 మందిని నాలుగు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి ఫ్లూఆక్సెటిన్ మందు, ఒక వర్గానికి సంభాషణ చికిత్స, ఒక వర్గానికి రెండూ, మిగిలిన వర్గానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 12 వారాల తర్వాత చూడగా, రెండూ పొందినవారిలో 71 శాతానికి, ఉత్తుత్తి మాత్ర పొందినవారిలో 35 శాతానికి మేలు కనిపించింది. గొప్ప పరిశోధనే. అయితే అందులో పాల్గొన్నవారిలో నాలుగింట మూడు వంతుల మంది శ్వేతజాతీయులు. అల్పసంఖ్యాక జాతులను పరిశోధనలలో చేర్చుకోవాలని ఆ దేశంలో 1993లోనే చట్టం వచ్చి ఉన్నది. మనస్తత్వశాస్త్ర ప్రయోగాలలో పాల్గొన్నవారిలో 96 శాతం మంది ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న దేశాలకు చెందినవారని 2010లో ముగ్గురు పండితులు ఎత్తిచూపారు.

ఇక్కడ మదర్సాలో చదువుకున్నవారికి ఒక పాత పాఠం జ్ఞప్తికి రాకమానదు. ఒక సమస్యకు తెలిసిన తీర్పును మరొక సమస్యకు వర్తింపజేయడాన్ని మన ధర్మశాస్త్రజ్ఞులు ఖియాస్ అన్నారు. దానికి వారు కఠినమైన షరతు పెట్టారు. మూల సమస్యలో తీర్పుకు ఆధారమైన ఇల్లత్, అనగా అసలు కారణం, కొత్త సమస్యలోనూ ఉన్నదని నిరూపించాలి. రెండింటి మధ్య తీర్పును మార్చగల భేదముంటే అది ‘ఖియాస్ మఅల్ ఫారిఖ్’, చెల్లదు. అమెరికా బాలునిపై వచ్చిన ఫలితాన్ని ఉట్నూరు బాలికకు వర్తింపజేయడం కూడా ఖియాసే. ఆ పని చేయకూడదని నేననడం లేదు. ఇల్లత్ చూపి చేయాలంటున్నాను.

ఈ జాగ్రత్త మనకు కొత్త కాదు. రాజీ (మరణం 925) సర్సామ్ లక్షణాలు కనిపించిన రోగులలో ఒక వర్గానికి రక్తమోక్షణం చేసి, మరొక వర్గాన్ని బుద్ధిపూర్వకంగా వదలి, ఫలితాలను పోల్చినట్లు రాసుకున్నాడు. మందుల గుణాన్ని తెలుసుకోవడానికి ఇబ్నె సీనా (980–1037) ఏర్పరచిన నియమాలలో ఒకటి, మందును మానవదేహంపైనే పరీక్షించాలన్నది. సింహంపైనో గుర్రంపైనో చూసినది మనిషికి రుజువు కాజాలదని ఆయన భావం. మనిషికీ గుర్రానికీ గల భేదాన్ని ఆయన గమనించాడు. మనిషికీ మనిషికీ మధ్య ఉన్న భేదాన్ని మనం గమనించవలసి ఉన్నది.

అయితే ఆ భేదమేమిటి? రక్తంలో జాతి ఉన్నదని భ్రమపడరాదు. భాష, కుటుంబం, పేదరికం, పరువు, వైద్యునిపై నమ్మకం: మానసిక చికిత్సలో అసలు కారణం చాలాసార్లు వీటిలోనే దాగి ఉంటుంది. బీహారులోని నలందా జిల్లాలో 74 ప్రభుత్వ పాఠశాలల పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. ఒకే కార్యక్రమాన్ని శిక్షణ పొందిన సాధారణ సలహాదారులు నడిపినప్పుడు పిల్లల విషాదం తగ్గింది. ఉపాధ్యాయులు నడిపినప్పుడు అట్టి ప్రయోజనం కనిపించలేదు. ఒకే జిల్లాలో, మాట చెప్పే మనిషి మారితేనే ఫలితం మారినప్పుడు, భాషా సమాజమూ మారితే ఏమవుతుందో పాఠకులు ఊహించగలరు.

ఇక మన కరీంనగర్, ఆదిలాబాద్‌ల సంగతి. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాలలో జరిగింది. వాటిలో తెలంగాణా లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. 13 నుండి 17 ఏండ్లవారిలో 7.3 శాతం మందికి మానసిక వ్యాధులున్నవని అది చెప్పిన లెక్కను మనవారు ఉపన్యాసాలలో వల్లిస్తున్నారు. ఆ లెక్కలో మన పిల్లవాడు ఒక్కడూ లేడు. విజయవాడ, ఢిల్లీ మురికివాడలలోని 10 నుండి 19 ఏండ్లవారి కోసం 60 వాడలతో ఒక పెద్ద పరీక్ష రూపొందింది. అది సంతోషించదగినదే. కాని కృష్ణా తీరపు తెలుగు, గోండీ, కొలామీ మాట్లాడే గూడెం మాట కాదు. కరీంనగర్ దక్కనీ అంతకన్నా కాదు.

నా అనుభవం ఒకటి మనవి చేస్తాను. తొమ్మిది ప్రశ్నల ప్రసిద్ధ విషాదపత్రానికి ఒకరు చేసిన ఉర్దూ అనువాదాన్ని కొంతకాలం క్రితం నాకు చూపించారు. వ్యాకరణరీత్యా తప్పులేదు. తండ్రి గల్ఫులో ఉన్న ఒక పిల్లవానికి దానిని చదివి వినిపించాను. ‘మాయూసీ’ అన్న మాట రాగానే వాడు చెంపలు వేసుకుని, ‘తౌబా, నై చాచా’ అన్నాడు. ఎందుకనడు? మాయూసీ కుఫ్ర్ అని ఉగ్గుపాలతో విన్నవాడు. ప్రశ్న వాని దుఃఖాన్ని అడగలేదు, వాని ఈమాన్‌ను అడిగింది. వాడు విశ్వాసిగా జవాబిచ్చాడు. పత్రం వానిని ఆరోగ్యవంతునిగా లెక్కించేది. లోపలి నుంచి వాని తల్లి ‘ఇస్కా దిల్ నై లగ్తా’ అన్నది. పొరుగింటి తెలుగామె ‘రంది పెట్టుకున్నడు’ అన్నది. వ్యాధికి సరియైన పేర్లు ఆ రెండు ఇండ్లలో ఉన్నాయి, పత్రంలో లేవు. అదే పత్రం గత రెండు వారాల నిద్ర, ఆకలి గురించి అడుగుతుంది. రంజాన్ నెలలో అడిగితే సహరీకి లేచి పగలంతా ఉపవాసమున్న బాలిక ఏమని జవాబివ్వాలి? ఒకచోట ఉన్న రోగం కనిపించదు, మరొకచోట లేని రోగం కనిపిస్తుంది.

కనుక మనవారిని ఎక్కువమందిని చేర్చుకుంటే సరిపోతుందా? ఖమ్మం జిల్లా అనుభవం చాలదని చెబుతున్నది. అక్కడ 2009లో పాథ్ అనే విదేశీ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి సహకారంతో, 10 నుండి 14 ఏండ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార కేన్సరు టీకా వేయించింది. భద్రాచలం వంటి మండలాలలో గిరిజన బాలికలు, వసతిగృహాల బాలికలు వారిలో ఉన్నారు. అనేక అంగీకార పత్రాలపై తల్లిదండ్రులకు మారుగా వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని నిలిపివేశారు. నాడు జరిగిన మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ తేల్చింది. ఆ మాట కూడా న్యాయంగా చెప్పాలి. అయినా 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘం ఆ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుబట్టింది. అక్కడ గిరిజన బాలికల సంఖ్యకు లోటు లేదు. వారి మాటకే చోటు లేదు. నోరులేనివానిని వదలివేయడం ఒక అన్యాయమైతే, నోరు విప్పనీయకుండా చేర్చుకోవడం రెండవ అన్యాయం.

మన దోషమూ చెప్పుకోవాలి. పిల్లవాడు మౌనంగా మారితే ‘అసర్’ అంటాం, తాయెత్తు కడతాం. పిల్ల పెండ్లి చెడిపోతుందని రోగాన్ని దాస్తాం. వైద్యం చేయించుకోమన్న ప్రవక్త మహనీయుల (స) బోధనను జ్వరానికి ఒప్పుకుంటాం, మనస్సుకు ఒప్పుకోం. మనం తలుపు మూసుకున్న తర్వాత లెక్కలో మేము లేమని ఫిర్యాదు చేయడం సగం న్యాయమే.

కాబట్టి రెండు వైపులా కోరవలసినవి ఉన్నాయి. ఈ జిల్లాలలో పరీక్ష చేయదలచినవారు ప్రశ్నపత్రాన్ని ముందుగా ఇంటి భాషలో, ఆ ఇంటివారితో కూర్చుని తయారు చేయాలి. ఎంతమంది ఏ భాష మాట్లాడేవారో ఫలితాలతోపాటు ప్రకటించాలి. తండ్రి విదేశంలో ఉంటే తల్లికి విషయం పూర్తిగా చెప్పి అంగీకారం తీసుకోవాలి. పిల్లవానిని వేరుగా అడగాలి. కాదనే హక్కు వానికి ఉండాలి. మన పెద్దలు, ఇమాములు, ఉర్దూ ఉపాధ్యాయులు ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి ముందుకు రావాలి.

ఆ పిల్లవాని జవాబును నేను పత్రంపై రాయలేదు. పత్రం పక్కనబెట్టి, ‘దిల్ లగ్తా క్యా బేటా?’ అని అడిగాను. వాడు చాలాసేపు మాట్లాడాడు.